గాయకుడికీ మాజీ మేనేజర్‌కీ తగువు: రాక్ బ్యాండ్ల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

రాక్ సంగీతంలో కోర్టుకెక్కిన గొడవల్లో పేరున్నవి చాలావరకు అమెరికా, ఇంగ్లండ్‌లవే. ఉదాహరణలు అక్కడివి తీసుకున్నాం. చట్టం గురించి మాత్రం ఆ రెండు దేశాలతో పాటు భారతదేశం మాటా చెప్పాం. ఇక్కడి బ్యాండ్లు కూడా ఇప్పుడు కాగితాల మీద సంతకాలు పెడుతున్నాయి, తరవాత తలలు పట్టుకుంటున్నాయి.

మేనేజర్, ఏజెంట్, బిజినెస్ మేనేజర్: ముగ్గురూ ఒకటేనా?

కాదు. షోలు కుదిర్చేవాడు ఏజెంట్. అతనికి సాధారణంగా షో ఫీజులో 10 శాతం. డబ్బు లెక్కలు, పన్నులు, చెల్లింపులు చూసేవాడు బిజినెస్ మేనేజర్. ఏ కంపెనీతో రికార్డింగ్ చెయ్యాలి, ఏ ఊళ్ళో ఎప్పుడు పాడాలి, డ్రమ్మర్ అలిగితే ఎవరు బుజ్జగించాలి, ఇవన్నీ చూసేవాడు పర్సనల్ మేనేజర్. మామూలుగా తగువు ఇతనితోనే. పెద్ద బ్యాండ్లకు ముగ్గురూ వేరువేరుగా ఉంటారు. చిన్న బ్యాండ్లకు ముగ్గురి పనీ ఒక్కడే చేస్తాడు. రేపటి పేచీకి బీజం పడేది అక్కడే.

కమిషన్ ఎంత ఉంటుంది?

15 నుంచి 20 శాతం మధ్య. 25 కూడా ఉంది. బీటిల్స్ దగ్గర బ్రయన్ ఎప్‌స్టీన్ వాటా అంత దాకా వెళ్ళింది. ఎల్విస్ ప్రెస్లీ దగ్గర కర్నల్ పార్కర్ చివరి ఏళ్ళలో 50 శాతం తీసుకునేవాడు. ఎల్విస్ పోయాక మెంఫిస్ కోర్టు దాన్ని తప్పుపట్టింది.

అయితే శాతం కన్నా ముఖ్యమైన ప్రశ్న ఇంకోటుంది: దేని మీద శాతం? ఊహా లెక్క ఒకటి చూడండి. ఐదుగురి బ్యాండు. షో ఫీజు 10 లక్షల రూపాయలు. ఏజెంట్‌కి లక్ష, సౌండూ లైట్లకి 2.5 లక్షలు, ప్రయాణం, హోటళ్ళకి 1.8 లక్షలు, సిబ్బందికి 1.2 లక్షలు. మొత్తం ఖర్చు 6.5 లక్షలు, మిగిలేది 3.5 లక్షలు. మేనేజర్‌కి 20 శాతం.

వచ్చిన మొత్తం మీద లెక్కగడితే మేనేజర్‌కి 2 లక్షలు. మిగతా లక్షన్నరని ఐదుగురు పంచుకుంటే మనిషికి 30 వేలు. ఖర్చులన్నీ పోగా మిగిలినదాని మీదైతే మేనేజర్‌కి 70 వేలు, ఒక్కొక్కరికీ 56 వేలు. మధ్యేమార్గం కూడా ఉంది. ఏజెంట్ కమిషన్, సౌండూ లైట్ల ఖర్చు మాత్రం తీసేసి, మిగిలిన 6.5 లక్షల మీద 20 శాతం, అంటే 1.3 లక్షలు. అప్పుడు ఒక్కొక్కరికీ 44 వేలు. మా అభిప్రాయంలో చిన్న బ్యాండుకి ఇదే సబబు. ఖర్చులన్నీ పోగా మిగిలినదాని మీద అంటే మేనేజర్ కూడా నష్టపోతాడు. మీరు ఖరీదైన హోటల్ ఎక్కితే అతని జేబుకీ చిల్లు పడుతుంది.

కమిషన్ లెక్కలోంచి తీసేయాల్సినవి కూడా ఒప్పందంలో పేరుపేరునా రాయించుకోవాలి: స్టూడియో ఖర్చుకి కంపెనీ ఇచ్చిన అడ్వాన్సు, టూర్ నష్టాన్ని పూడ్చడానికి ఇచ్చిన సొమ్ము, ముందు పాడే బ్యాండుకిచ్చే ఫీజు. ఇవి చేతిలోంచి దాటిపోయే డబ్బులే. వీటి మీద కమిషన్ కడితే రాని ఆదాయానికి వాటా ఇచ్చినట్టే.

తగువు ఎక్కువగా ఎక్కడ పుడుతుంది?

దొంగతనం వల్ల అని అందరూ అనుకుంటారు. అదీ ఉంది గానీ, అంతకంటే ఎక్కువగా ఒకే మనిషి ఎదురెదురు పాత్రలు రెండు పోషించడం వల్ల పుడుతుంది. మేనేజర్ పని గాయకుడి తరఫున బేరమాడటం. అతనే నిర్మాత, పాటల ప్రచురణకర్త కూడా అయితే ఎవరితో బేరమాడతాడు? తనతో తనే. ఆ బేరంలో గాయకుడి తరఫున ఎవరూ ఉండరు.

ఇంగ్లండ్‌లో గిల్బర్ట్ ఓసల్లివన్ అనే పాప్ గాయకుడు తన మేనేజర్ గార్డన్ మిల్స్ కంపెనీల మీద వేసిన కేసు దీనికి ప్రమాణంగా నిలిచింది. మేనేజర్ మీద నమ్మకంతో, స్వతంత్ర సలహా లేకుండా చేసిన ఒప్పందాలు అనుచిత ప్రభావం కింద చెల్లవని కోర్టు రద్దు చేసింది. అప్పీల్ కోర్టు 1985 లా రిపోర్టుల్లో ఉన్న తీర్పులో ఆ రద్దును సమర్థిస్తూనే, మిల్స్ పడ్డ శ్రమకి కొంత ప్రతిఫలం, లాభం ఇవ్వాలని కూడా చెప్పింది.

స్ప్రింగ్‌స్టీన్, మైక్ ఆపెల్ కేసులో అసలేం జరిగింది?

ఈ రంగంలో ఎవరైనా చదవాల్సిన కేసు ఇదే కాబట్టి కాస్త వివరంగా చెబుతాం.

1972 మార్చిలో బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ న్యూజెర్సీ కుర్రాడు, 22 ఏళ్ళు. మైక్ ఆపెల్, అతని భాగస్వామి జిమ్ క్రెటికోస్‌లతో ఒప్పందాలు చేసుకున్నాడు. మేనేజ్‌మెంట్, రికార్డింగ్ నిర్మాణం, పాటల ప్రచురణ మూడూ ఆ ఇద్దరి చేతికే వెళ్ళాయి. తనకంటూ లాయర్ ఎవరూ లేరు. ఆ మే నెలలో ఆపెల్ పట్టుబట్టి కొలంబియా రికార్డ్స్‌లో నిర్మాత జాన్ హామండ్ ముందు పాడించాడు. జూన్‌లో కొలంబియాతో ఒప్పందం కుదిరింది. కానీ సంతకం చేసింది గాయకుడు కాదు, ఆపెల్ కంపెనీ లారెల్ కాన్యన్. కొలంబియా డబ్బు ముందు లారెల్ కాన్యన్‌కి వెళ్ళి, అక్కణ్ణుంచి గాయకుడికి ఓ వాటా దిగేది.

1975 ఆగస్టులో మూడో ఆల్బమ్ వచ్చి పేరు మారుమోగింది. ఆ ఆల్బమ్ చేస్తుండగా సంగీత విమర్శకుడు జాన్ లాండౌ దగ్గరయ్యాడు. తరవాతి ఆల్బమ్ నిర్మాత లాండౌ కావాలని స్ప్రింగ్‌స్టీన్ అన్నాడు, ఆపెల్ ఒప్పుకోలేదు. ఒప్పందం ప్రకారం నిర్మాతని ఎంచే హక్కు ఆపెల్‌దే. 1976 జూలై చివర్లో స్ప్రింగ్‌స్టీన్ న్యూయార్క్‌లోని ఫెడరల్ కోర్టులో మోసం, అనుచిత ప్రభావం, నమ్మకద్రోహం ఆరోపణలతో దావా వేశాడు. రెండు మూడు రోజుల్లోనే ఆపెల్ రాష్ట్ర కోర్టుకి వెళ్ళాడు. 1976 సెప్టెంబరులో జడ్జి ఆర్నాల్డ్ ఫైన్, లాండౌతో కలిసి కొలంబియాకి రికార్డింగ్ చెయ్యకూడదని మధ్యంతర ఉత్తర్వు ఇచ్చాడు.

గాయకుల తరఫు లాయర్లు కొత్తగా సంతకం పెట్టేవాళ్ళందరికీ ఇప్పటికీ చూపించే పాఠం ఇదే. విచారణ పూర్తవలేదు, తప్పెవరిదో తేలలేదు. అయినా పేరు శిఖరాన ఉన్న రోజుల్లో స్టూడియో తలుపు మూసుకుపోయింది. రికార్డింగ్ మీదే నిషేధం, వేదిక మీద లేదు. అందుకని ఆ కాలమంతా స్ప్రింగ్‌స్టీన్ ఊరూరా పాడుతూ బ్యాండ్‌ని బతికించుకున్నాడు. 1977 మే 28న రాజీ కుదిరింది. ఆపెల్‌కి కొంత సొమ్మూ పాత పాటల్లో వాటా, స్ప్రింగ్‌స్టీన్‌కి స్వేచ్ఛ. జూన్‌లోనే మళ్ళీ స్టూడియోకి వెళ్ళాడు. తరవాతి ఆల్బమ్ 1978 జూన్‌లో వచ్చింది. రెండు ఆల్బమ్‌ల మధ్య దాదాపు మూడేళ్ళు.

ఆపెల్ మోసగాడా? అంత తేలిగ్గా అనలేం. హామండ్ ముందు పాడే అవకాశం తెచ్చింది అతనే. ఎవరూ పట్టించుకోని రోజుల్లో నమ్మినవాడు. ఒప్పందమే అన్యాయంగా ఉంది, దాన్ని మార్చుకుందామన్నప్పుడు సమయానికి మార్చుకోలేదు. నమ్మకం ఉండగానే తిరగరాసుకుని ఉంటే కేసే లేదు.

మేనేజర్ని తీసేస్తే కోర్టు మళ్ళీ పెట్టుకోమంటుందా?

సాధారణంగా అనదు. 1967లో ట్రోగ్స్ అనే ఇంగ్లిష్ బ్యాండు మేనేజర్ లారీ పేజ్‌ని తీసేసింది. ఐదేళ్ళ ఒప్పందంలో ఇంకా సగం పైగా మిగిలి ఉంది. ఇంకో మేనేజర్ని పెట్టుకోకుండా ఆపమని పేజ్ కంపెనీ కోర్టుకి వెళ్ళింది. తప్పు బ్యాండుదేనని పైకి కనబడుతున్నా, జడ్జి స్టాంప్ ఉత్తర్వు ఇవ్వలేదు. ఇలాంటి బ్యాండు మేనేజర్ లేకుండా నడవలేదు. వేరే మేనేజర్ వద్దంటే, నమ్మకం పోయినవాడితోనే కాపురం చెయ్యమన్నట్టే అవుతుందని తర్కం. నష్టపరిహారం అడుక్కోవచ్చు, మనిషిని మాత్రం అంటగట్టరు.

మనదేశంలోనూ దారి ఇదే. వ్యక్తి నైపుణ్యం, నమ్మకం మీద ఆధారపడ్డ ఒప్పందాన్ని అమలు చేయించకూడదని 1963 స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 14వ సెక్షన్ చెబుతుంది. ఒప్పందం ముగిశాక కూడా కట్టిపడేసే షరతు గురించి తెలుసుకోవాలంటే క్రికెటర్ జహీర్ ఖాన్ కేసు చూడాలి. మూడేళ్ళ ఒప్పందం 2003లో ముగిశాక, కొత్త ఏజెన్సీ ఇచ్చే ధర ముందు తమకి చూపించి, తాము అంతే ఇస్తామంటే తమతోనే ఉండాలని పాత ఏజెన్సీ పర్సెప్ట్ డి'మార్క్ పట్టుబట్టింది. 2006లో సుప్రీంకోర్టు కాంట్రాక్ట్ చట్టం 27వ సెక్షన్ కింద ఆ షరతు చెల్లదంది. క్రీడాకారుడి కేసే, కానీ మేనేజ్‌మెంట్ ఒప్పందాలన్నిటికీ పనికొచ్చే తీర్పు.

గమనిక: ఒప్పందం నడుస్తుండగా పెట్టిన షరతు వేరు, ముగిశాక పెట్టిన షరతు వేరు. మొదటిదాన్ని కోర్టులు అంత తేలిగ్గా కొట్టేయవు.

తీసేశాక కూడా కమిషన్ ఇవ్వాలా?

ఒప్పందం ఏమంటే అది. మేనేజర్ హయాంలో సంతకం చేసిన రికార్డు ఒప్పందం మీద, ఖరారైన టూర్ మీద అతనికి కమిషన్ రావడం మామూలే, అతను వెళ్ళిపోయాకే డబ్బు వచ్చినా సరే. దాన్ని అపరిమితంగా వదిలేస్తే ఏళ్ళ తరబడి రెండు కమిషన్లు కట్టాలి: పాతవాడికి 20, కొత్తవాడికి 20. అందుకే తగ్గింపు షరతు పెడతారు. ఉదాహరణకి వెళ్ళిన మొదటి ఏడాది పూర్తి కమిషన్, రెండో ఏడాది సగం, మూడో ఏడాది పావు, ఆపైన సున్నా. కొత్త మేనేజర్ కూడా పాత ఆదాయం మీద కమిషన్ వదులుకోవాలని అతని ఒప్పందంలో రాయించాలి. ఇది మరిచిపోవడం చాలా సాధారణం.

2010లో ఇదే రకం గొడవ గన్స్ ఎన్ రోజెస్‌లో వచ్చింది. మాజీ మేనేజర్ ఇర్వింగ్ అజాఫ్ కంపెనీ ఫ్రంట్ లైన్, గాయకుడు ఆక్సిల్ రోజ్ మీద దాదాపు 19 లక్షల డాలర్లకి దావా వేసింది. టూర్ ఆదాయంలో 15 శాతం ఇస్తానన్న నోటిమాట తప్పాడన్నది ఆరోపణ. రోజ్ రెండు నెలలు తిరక్కుండానే 50 లక్షల డాలర్లకి ఎదురు దావా వేశాడు. పాత సభ్యులతో పునస్సమాగమ టూర్‌కి తనని ఒప్పించడానికి కొత్త ఆల్బమ్ అమ్మకాలని అజాఫ్ చెడగొట్టాడని రోజ్ ఆరోపణ. చివరికి రాజీపడ్డారు. ఏ ఆరోపణా కోర్టులో రుజువు కాలేదు.

లైసెన్స్ లేని మేనేజర్ షోలు కుదిర్చితే ఒప్పందం చెల్లదంటారు. నిజమేనా?

కాలిఫోర్నియాలో నిజం. అక్కడ కళాకారుడికి పని కుదర్చాలంటే టాలెంట్ ఏజెన్సీ లైసెన్స్ ఉండాలి. రికార్డింగ్ ఒప్పందం కుదర్చడానికి మాత్రం అక్కర్లేదు. లైసెన్స్ ఉన్న ఏజెంట్ అడిగితే, అతనితో కలిసి చేసినా తప్పు లేదు. మిగతా షోలు, సినిమాలు, ప్రకటనలు కుదిర్చాడంటే మేనేజర్ కమిషన్‌కి ఎసరే.

ఈ చట్టానికి దారి చూపిన కేసు జెఫర్సన్ ఎయిర్‌ప్లేన్ అనే బ్యాండుది. గాయకుడు మార్టీ బాలిన్ అసలు పేరు మార్టిన్ బుక్వాల్డ్. కేసు పేరూ అదే, 'బుక్వాల్డ్ వర్సెస్ సుపీరియర్ కోర్ట్'. మేనేజర్ మాథ్యూ కాట్జ్ ఒప్పందంలో 'మేనేజర్ షోలు కుదురుస్తానని మాట ఇవ్వలేదు' అని తెలివిగా రాయించుకున్నాడు. తగువుని మధ్యవర్తి దగ్గరికి తీసుకెళ్ళాలని కూడా. 1967లో అప్పీల్ కోర్టు ఒప్పుకోలేదు: కాగితం మీది మాట కాదు, చేసిన పని చూడాలి, ముందు ఇలాంటి తగువులు చూసే లేబర్ కమిషనర్ దగ్గరికే వెళ్ళాలి. ఆ విజయం తరవాత కూడా కాట్జ్‌తో గొడవలు పూర్తిగా తేలేసరికి 1987 వచ్చింది. ఇరవై ఏళ్ళు!

ఇక్కడ పప్పులో కాలేసే చోట్లు రెండున్నాయి. ఒకటి, కమిషనర్‌కి ఫిర్యాదు చెయ్యడానికి గడువు ఏడాదే. మేనేజరే దావా వేస్తే ఎదురువాదనగా ఈ లోపం ఎత్తిచూపడానికి మాత్రం ఆ గడువు అడ్డురాదని 2001లో తీర్పొచ్చింది. రెండు, 2008లో మారథాన్ ఎంటర్‌టైన్‌మెంట్ కేసులో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు, చట్టవిరుద్ధమైన భాగాన్ని విడదీసి మిగతా ఒప్పందాన్ని నిలబెట్టవచ్చంది. ఒక్క షో కుదిర్చాడని మొత్తం కమిషన్ ఎగ్గొట్టే రోజులు పోయాయి.

ఇండియాలో ఇలాంటి లైసెన్స్ చట్టం లేదు. కాలిఫోర్నియాలో టూర్ చేసే తెలుగు బ్యాండ్లు, అక్కడ ఉంటూ షోలు కుదిర్చే స్నేహితులు మాత్రం ఇది తెలుసుకోవడం మంచిది.

బ్యాండ్ పేరు మేనేజర్‌దా, గాయకుడిదా?

అదే కాట్జ్ మోబీ గ్రేప్ అనే బ్యాండుకీ మేనేజర్. పేరు తనదన్నాడు, వాళ్ళ పేరు మీద వేరే మనుషుల్ని వేదికెక్కించాడు. అసలు సభ్యులు దశాబ్దాల పాటు మారుపేర్లతో పాడుకోవాల్సి వచ్చింది. మీ బ్యాండు పేరు ఇంకా రిజిస్టర్ కాకపోతే ఇండియాలో వినోద సేవల తరగతి, అంటే 41వ క్లాస్‌లో ట్రేడ్‌మార్క్ దరఖాస్తు చెయ్యండి. దరఖాస్తుదారు బ్యాండు భాగస్వామ్యమో కంపెనీయో కావాలి. మేనేజర్ కంపెనీ ఎట్టి పరిస్థితుల్లో వద్దు, 'మీకెందుకు శ్రమ, నేను చేయిస్తాలే' అన్నా సరే.

గాయకుడికే పేచీ, మిగతావాళ్ళు మేనేజర్ వైపే. ఇలా అయితే?

మేనేజర్‌తో గొడవ బ్యాండు చీలికగా మారే దారి ఇదే. 1985లో పింక్ ఫ్లాయిడ్ బ్యాండు గాయకుడు రోజర్ వాటర్స్, మేనేజర్ స్టీవ్ ఓరూర్క్‌తో తెగతెంపులు చేసుకోవాలనుకున్నాడు. బ్యాండులోని డేవిడ్ గిల్మర్, నిక్ మేసన్ ఓరూర్క్‌నే సమర్థించారు. అక్కణ్ణుంచి కథ బ్యాండు పేరు మీదకి వెళ్ళింది, 1986లో ఇంగ్లండ్ హైకోర్టుకి చేరింది, 1987 డిసెంబరులో రాజీ కుదిరింది. గిల్మర్, మేసన్‌లకి పేరు మిగిలింది.

బీటిల్స్‌లో తలకిందులు. మిగతా ముగ్గురికి మేనేజర్‌గా అలెన్ క్లైన్ కావాలి, పాల్ మెకార్ట్‌నీకి వద్దు. క్లైన్ మీద నేరుగా దావా వేసే వీలు లేదు, కాబట్టి 1970 డిసెంబరు 31న మెకార్ట్‌నీ తన స్నేహితుల మీదే, భాగస్వామ్యాన్ని రద్దు చెయ్యమని కేసు వేశాడు. 1971 మార్చిలో కోర్టు రిసీవర్‌ని, అంటే ఆ డబ్బు వ్యవహారాలు చూసే అధికారిని, నియమించింది. ఆ డబ్బు మీద క్లైన్ పెత్తనం అక్కడితో ఆగింది. రద్దు పత్రాలు పూర్తయింది 1975లో.

ఇందులోంచి పనికొచ్చే ముక్క: మేనేజర్ని పెట్టుకోడానికీ తియ్యడానికీ ఎంతమంది ఓటు కావాలో బ్యాండు లోపలి ఒప్పందంలో ముందే రాసుకోవాలి. నలుగురిలో ఇద్దరు అటు, ఇద్దరు ఇటు అయితే ఎవరి మాట చెల్లుతుందో కూడా.

లెక్కలు ఎలా అడగాలి?

ముందుగా ఇండియా సంగతి. కాంట్రాక్ట్ చట్టం 213వ సెక్షన్ ప్రకారం, అడిగినప్పుడు సరైన లెక్కలు చూపడం ఏజెంట్ విధి. ఇక్కడ ఏజెంట్ అంటే షోలు కుదిర్చేవాడే కాదు, మీ తరఫున పనిచేసే మేనేజర్ కూడా. ఒప్పందంలో ఆ మాట లేకపోయినా సరే. 218వ సెక్షన్ ప్రకారం మీ తరఫున వసూలు చేసినదంతా మీకు చెల్లించాలి. 217 కింద తన కమిషన్, పెట్టిన ఖర్చు పట్టుకోవచ్చు. మీకు తెలియకుండా మీ పనిలోనే సొంత వ్యాపారం చేసుకుంటే ఆ లాభం మీరు అడగొచ్చు, అది 216. తప్పుడు పని చేసిన భాగానికి ప్రతిఫలం రాదు, అది 220.

అడిగేది రాతపూర్వకంగా, తేదీతో, రిజిస్టర్డ్ పోస్టులోనూ ఈమెయిల్‌లోనూ. 'లెక్కలు పంపండి' అని ఊరికే రాస్తే ఒక ఎక్సెల్ షీటు వస్తుంది, అందులో అన్నీ సరిపోయి ఉంటాయి. అడగాల్సినవి మూలపత్రాలు: ప్రతి షోకీ నిర్వాహకుడితో చేసుకున్న ఒప్పందం, అడ్వాన్సు రసీదు, షో అయ్యాక రాత్రి తేల్చిన లెక్క కాగితం, బ్యాంకు స్టేట్‌మెంట్, ఖర్చులకి బిల్లులు. తరవాత మీ దగ్గరున్న వాటితో సరిపోల్చాలి. టికెట్ వెబ్‌సైటు అమ్మకాల నివేదిక, నిర్వాహకుడు మీ పాన్ మీద జమ చేసిన టీడీఎస్, మ్యూజిక్ డిస్ట్రిబ్యూటర్ డాష్‌బోర్డు, పాటల రచయితలు, స్వరకర్తల తరఫున రాయల్టీ వసూలు చేసే సొసైటీ ఐపీఆర్‌ఎస్ నుంచి వచ్చిన సొమ్ము. టీడీఎస్ మీ పాన్‌లో కనబడటం లేదంటే ఆ షో డబ్బు ఇంకో పేరు మీద వెళ్ళి ఉండొచ్చు. అదొక్కటే మోసానికి రుజువు కాదు గానీ, అక్కణ్ణుంచి తవ్వాలి.

కంపెనీ పేర్లు కూడా జాగ్రత్తగా చూడండి. రోలింగ్ స్టోన్స్‌కి నాంకర్ ఫెల్జ్ పేరుతో ఇంగ్లండ్‌లో సొంత కంపెనీ ఉండేది. అలెన్ క్లైన్ అదే పేరుతో అమెరికాలో ఓ కంపెనీ పెట్టాడు, అది అతనిది. అమెరికా డబ్బు తమ కంపెనీకే వెళ్తోందని బ్యాండు అనుకుంది. 1960లలో వాళ్ళు చేసిన రికార్డింగుల హక్కులు ఇప్పటికీ క్లైన్ స్థాపించిన ఆబ్కోవే.

గడువు మరిచిపోకండి: లెక్క అడిగితే కాదన్న రోజు నుంచి, అడగకపోతే ఏజెన్సీ ముగిసిన రోజు నుంచి మూడేళ్ళు.

మేనేజర్ మా బావే. ఆడిట్ అడిగితే బాగుంటుందా?

గాయకుడు బిల్లీ జోయెల్ మేనేజర్ ఫ్రాంక్ వెబర్, జోయెల్ మాజీ భార్య సోదరుడు. 1989లో ఆడిట్ చేయించాక జోయెల్ అతన్ని తీసేసి, 9 కోట్ల డాలర్లకి దావా వేశాడు. అడగండి. ఏటా అందరికీ ఒకేలా జరిగే ఆడిట్‌ని మొదటి ఒప్పందంలోనే రాసుకుంటే అనుమానంతో అడిగినట్టు ఉండదు.

గెలిస్తే డబ్బు చేతికొస్తుందా?

అదే పెద్ద చిక్కు. జోయెల్ కేసులో 1990లో 20 లక్షల డాలర్ల పాక్షిక తీర్పు వచ్చింది, వెబర్ దివాలా పిటిషన్ వేశాడు. గాయకుడు లియొనార్డ్ కోహెన్ తన మాజీ మేనేజర్ మీద 2006లో దాదాపు 90 లక్షల డాలర్ల తీర్పు గెలిచాడు, వసూలు కాలేదు. డెబ్భై ఏళ్ళు దాటాక మళ్ళీ టూర్లకి బయల్దేరడానికి అదీ ఒక కారణం.

బాడ్‌ఫింగర్ అనే బ్యాండు కథ ఇంకా చేదు. మేనేజర్ స్టాన్ పోలీ ఏర్పాటులో డబ్బంతా అతని చేతిలోని కంపెనీకి వెళ్ళేది, సభ్యులకి జీతం వచ్చేది. ప్రచురణ అడ్వాన్సుకి సంబంధించిన లక్ష డాలర్ల నిధి ఏమైందో తేలక, రికార్డు కంపెనీ వార్నర్ 1974 చివర్లో తెచ్చిన ఆల్బమ్‌ని కొద్ది వారాలకే అమ్మకాల నుంచి వెనక్కి తీసుకుంది. గాయకుడు పీట్ హామ్ 1975 ఏప్రిల్‌లో 27 ఏళ్ళ వయసులో ప్రాణం తీసుకున్నాడు. బ్యాంకు ఖాతా బ్యాండుదై, మేనేజర్‌కి చూసే హక్కు మాత్రమే ఉండి, రెండు సంతకాలు లేకుండా డబ్బు కదలకుండా ఉండాలని చెప్పేది ఇందుకే.

మేనేజర్ని తీసేయాలని నిర్ణయించుకున్నాం. ఏ వరసలో?

ఒప్పందం చదవకుండా వాట్సాప్‌లో 'రేపటి నుంచి రానక్కర్లేదు' అని పంపడమే అన్నిటికంటే ఖరీదైన తప్పు. చాలా ఒప్పందాల్లో లోపాన్ని రాతపూర్వకంగా చూపించి, సరిదిద్దుకోడానికి 30 రోజులివ్వాలని ఉంటుంది. ఆ నోటీసు ఇవ్వకపోతే తప్పు చేసింది మేనేజరైనా నష్టపరిహారం మీరు కట్టాల్సి రావొచ్చు. కాంట్రాక్ట్ చట్టం 205, 206 సెక్షన్లు కూడా కాలపరిమితి ఉన్న ఏజెన్సీని తగిన కారణం లేకుండా తెంచితే పరిహారం, తెంచేముందు తగిన నోటీసు అంటాయి.

నోటీసు పంపే ముందురోజు లోపల అవ్వాల్సిన పనులు: పవర్ ఆఫ్ అటార్నీ ఇచ్చి ఉంటే రద్దు పత్రం సిద్ధం చెయ్యడం, బ్యాంకుకి సంతకాల మార్పు లేఖ, బ్యాండు ఈమెయిల్, యూట్యూబ్ ఛానల్, ఇన్‌స్టాగ్రామ్, డిస్ట్రిబ్యూటర్ ఖాతాల్లో యజమాని ఎవరో చూడటం. యూట్యూబ్ ఛానల్ మేనేజర్ సొంత జీమెయిల్ మీద తెరిచి ఉంటే పాస్‌వర్డ్ మార్చి లాక్కోకండి; ఎదురు ఫిర్యాదుకి మీరే దారి చూపినట్టవుతుంది. ఛానల్ని బ్రాండ్ ఖాతాకి మార్చి బ్యాండుని యజమానిగా చేర్చమని నోటీసులో అడగండి.

నోటీసు అందాక, ఖరారైన షోల నిర్వాహకులకి రెండు వాక్యాల లేఖ చాలు: ఫలానా తేదీ నుంచి చెల్లింపులు ఈ ఖాతాకి పంపండి, సంప్రదించాల్సింది ఫలానా. మేనేజర్ మోసం చేశాడని అందులో రాస్తే పరువునష్టం కేసు అదనం. అతని కమిషన్ గురించి తగువుంటే, ఆ శాతాన్ని వేరే ఖాతాలో పక్కనపెట్టి ఆ సంగతి అతనికి తెలియజేయండి. జడ్జి ముందు ఇంతకంటే మంచి ముఖం ఉండదు.

ఇండియాలో కేసు ఏ కోర్టులో?

ఒప్పందంలో మధ్యవర్తిత్వ షరతు ఉంటే ముందు అది. లేకపోతే, విలువ 3 లక్షలు దాటిన సేవా ఒప్పందాల తగువులు కమర్షియల్ కోర్టుకి. అత్యవసర ఉత్తర్వు అక్కర్లేకపోతే దావాకి ముందే రాజీ ప్రయత్నం తప్పనిసరి. జిల్లా న్యాయసేవాధికార సంస్థ ద్వారా, మూడు నెలల్లో. ఈ మెట్టు దాటకుండా వేసిన దావాని తిప్పికొడతారు. తక్కువ స్టాంపు కాగితం మీద రాసుకున్న ఒప్పందాన్ని సాక్ష్యంగా పెట్టాలంటే లోటుకి పది రెట్ల దాకా జరిమానా పడొచ్చు.

మా పాటల హక్కులు కూడా మేనేజర్‌కి రాసిచ్చాం. వెనక్కి వస్తాయా?

ముందు కాగితం చూడండి. కాపీరైట్ బదిలీ రాతలో, సంతకంతో ఉంటేనే చెల్లుతుంది. కాలం రాయకపోతే ఐదేళ్ళు, ప్రాంతం రాయకపోతే ఇండియా మాత్రమే అని కాపీరైట్ చట్టం 19వ సెక్షన్. చాలా మందికి 'అన్నీ ఇచ్చేశాం' అనుకున్నవి నిజానికి గడువు తీరిపోయి ఉంటాయి. 2012 సవరణ తరవాత, మీరు రాసిన సాహిత్యానికి, కట్టిన బాణీకి వచ్చే రాయల్టీలో సమాన వాటా హక్కుని వారసులకో కాపీరైట్ సొసైటీకో తప్ప ఇంకెవరికీ రాసివ్వలేరు. మేనేజర్ రాయించుకున్నా అది చెల్లదు.

కాగితమే లేదు, అంతా నోటిమాట. ఇప్పుడెలా?

కాగితం లేకపోయినా ఒప్పందం ఉండొచ్చు. ఆక్సిల్ రోజ్ మీద దావా నోటిమాట ఆధారంగానే. 1962 జనవరిలో బీటిల్స్ నలుగురూ సంతకం చేసిన మొదటి ఒప్పందం మీద ఎప్‌స్టీన్ తన సంతకం పెట్టలేదు. సొమ్ము తీసుకున్న తీరు, పంచుకున్న శాతం, మెసేజీలు చూసి కోర్టు ఒప్పందాన్ని ఊహిస్తుంది. ఏడాదిగా 15 శాతం ఇస్తూ వచ్చి, 'అసలు ఒప్పుకోలేదు' అంటే చెల్లదు. శాతం ఎప్పుడూ మాట్లాడుకోకపోతే, ఉచితంగా చేసిన పని కాదని తేలినప్పుడు, చేసిన పనికి తగిన ప్రతిఫలం ఇవ్వమనొచ్చు. అది కాంట్రాక్ట్ చట్టం 70వ సెక్షన్.

వాట్సాప్ మెసేజీలు సాక్ష్యంగా పెట్టాలంటే స్క్రీన్‌షాట్ ఒక్కటే చాలదు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం ధృవపత్రం జత చెయ్యాలి. ఫోన్ మార్చే ముందు పాత ఫోన్‌ని భద్రంగా పక్కనపెట్టండి, ఛాట్‌ని ఎక్స్‌పోర్ట్ చేసి ఉంచుకోండి. గ్రూపులో మెసేజీలు ఆటోమేటిగ్గా మాయమయ్యే సెట్టింగ్ ఉంటే ఇవాళే తీసేయండి.